పేరులేని పంకా

మా కాలనీలో నాలుగు రోడ్లు కలిసేచోట ఒక గుండ్రటి దిమ్మె ఉంది. ఎవరో ఎప్పుడో కట్టించారు. దానిమీద ఏదైనా పెట్టాలనుకునేలోగా కట్టించినవారి ఉత్సాహం కాస్తా చల్లారిపోయింది. అప్పటినుంచీ సాయంత్రం వేళ ఒక మేక దానిమీదికెక్కి నిలబడుతూ ఉంటుంది. నిజం చెప్పొద్దూ, నిలబడ్డ తీరు బాగానే ఉంటుంది. కానీ మొన్న దసరా వెళ్ళాక మా పెద్దలకి బందరు పట్నానికి కాస్త శోభ చేకూర్చాలనే సంకల్పం కలిగింది. ఆదివారం సాయంత్రం మీటింగు పెట్టారు. టీ, మనిషికో లడ్డూ. నన్నూ పిలిచారు.

ఒకాయన నాయకుడి విగ్రహం పెడదామన్నారు. ఏ నాయకుడిదో తేలకుండానే రెండో టీ వచ్చింది. ఇంకొకాయన, ఊరి పేరే మచిలీపట్నం కనక సిమెంటు చేప పెడదామన్నారు. ఫౌంటెను అన్నవారూ ఉన్నారు. "ముందు మా బిందెలు నిండనివ్వండి" అని ఆడవాళ్ళ వైపునుంచి ఒక గొంతు వినిపించింది. దాంతో ఫౌంటెను ఎండిపోయింది.

అప్పుడు నేను నోరుజారాను. "దివిసీమ పొలాల్లో పాత రేకులతో, పాడైన ఫ్యాను రెక్కలతో చేసి గాలికి తిరగనిస్తారే, అలాంటిది పెద్దది ఒకటి చేయించి పెడదామండీ. కరెంటు అక్కర్లేదు, సముద్రపు గాలి ఉండనే ఉంది. గుడివాడ తుక్కు కొట్లలో సామాను దొరుకుతుంది" అన్నాను.

నవ్వారు. చిరునవ్వు కాదు, లడ్డూ పొలమారేలా నవ్వారు. "సర్కిల్లో తుక్కు పెడతారా మాష్టారూ?" అన్నారొకరు. "పిట్టల్ని తోలడానికా, మనల్ని తోలడానికా?" అన్నారింకొకరు. చివరికి అందరికంటే పెద్దాయన కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ తీర్పు చెప్పారు. "అది కళ కాదు మాష్టారూ, అవసరం. పిట్టల బాధ పడలేక రైతు పెట్టుకున్నది. దాన్ని తెచ్చి సర్కిల్లో పెడితే మనల్ని చూసి ఊరు నవ్వుతుంది."

చేప నెగ్గింది. ఇంటికొచ్చి చెబితే మా ఆవిడ, "గాలికి పోయే కంపని ఒంటికి తగిలించుకోవడం మీకు అలవాటేగా" అంది. కంప ఎటూ తగులుకుంది. మీటింగులో చెప్పలేకపోయింది ఇక్కడన్నా చెప్పుకుంటాను.

ముందు ఆ వస్తువేమిటో ఎరగనివారి కోసం రెండు మాటలు. చల్లపల్లి, మోపిదేవి దాటి అవనిగడ్డ మీదుగా నాగాయలంక వైపు బస్సులో వెళ్తూ, వరి పాలుపోసుకునే రోజుల్లో కిటికీ పక్కన కూర్చుంటే కనిపిస్తుంది. పొలం మధ్య ఒక సరుగుడు బాదు. దాని కొసన సైకిలు ముందుచక్రం హబ్బు. హబ్బుకి నాలుగో ఆరో రెక్కలు. పాత టేబులు ఫ్యానువైతే సరేసరి, లేకపోతే నూనె డబ్బా రేకు కత్తిరించినవి. వెనకాల రేకు తోక. గాలి ఎటు మళ్ళితే తోక అటు జరిగి, రెక్కల మొహాన్ని గాలికి ఎదురు నిలబెడుతుంది. ఇరుసుకి రెండు చిన్న గొలుసుముక్కలు, వాటి చివర నట్లు. పక్కనే ఒక కంచం బిగించి ఉంటుంది. గాలి లేనప్పుడు గొలుసులు వేలాడుతూ ఉంటాయి. గాలి రాగానే ఇరుసుతోపాటు విసురుగా లేచి కంచాన్ని వాయిస్తాయి.

వినడానికి ఇంతే. చెయ్యబోతే తెలుస్తుంది. రెక్కని ఎంత మెలితిప్పాలన్నది చేతికి తెలియాలి. మరీ తక్కువ తిప్పితే గాలి దాన్ని వెనక్కి తోస్తుందేగాని తిప్పదు. ఎక్కువైతే పక్కనుంచి జారిపోతుంది. ఒక రెక్క తులం బరువెక్కువైనా చక్రం ఎప్పుడూ అదే పక్కకి వాలి ఆగుతుంది, బాదు ఊగుతుంది, నాలుగు రోజుల్లో నట్లు ఊడొస్తాయి. తోక పొట్టిదైతే గాలి మారినప్పుడల్లా తికమకపడుతుంది. కంచం సంగతి మరీ ముఖ్యం. సత్తుపళ్ళెం డబడబలాడుతుంది, స్టీలు కంచం ఖంగుమంటుంది. కళ్ళు మూసుకుని విన్నా ఏ మోత ఎవరి చేలోదో చెప్పగలరు అక్కడి రైతులు.

ఇంతకీ దీనికి పేరేమిటి? అడిగి చూశాను. ఒకరు గిరక అన్నారు. ఒకరు పంకా అన్నారు. ఒకావిడ "అదేనండీ, మోత" అంది. పేరు లేదు! పెద్దాయన మాటకి ఇంత బలం వచ్చింది ఇక్కడే అని నా అనుమానం.

ఎందుకంటే పేరు చేసే పని మన బందరువాళ్ళకి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. పెడన వెళ్ళి చూడండి. కొయ్య అచ్చుల్ని రంగులో ముంచి గుడ్డమీద అద్దుతారు. కలం అన్నది శ్రీకాళహస్తిలో పడతారు గాని మనవైపు పని అంతా అచ్చులదే. అయినా అది కలంకారీ. భౌగోళిక గుర్తింపూ ఉంది, దేశదేశాల్లో పేరూ ఉంది. ఉండాలి కూడా, నాకేం అసూయ లేదు. కానీ కలం లేని కలంకారీని కళ అన్నప్పుడు ఆ దుప్పటి కప్పుకోవడానికి కాదా అని ఎవరైనా అడిగారా? చిలకలపూడి వెళ్ళండి. రాగికి పల్చటి బంగారు రేకు తొడిగి నగలు చేస్తారు, వేలమందికి అదే కూడు. రాగి బంగారంలా కనిపిస్తే హస్తకళ. నూనె డబ్బా రేకు గాలిపాటున పక్షిలా ఎగిరితే తుక్కు. ఇదెక్కడి లెక్కో నాకు అంతుపట్టదు.

ఇక అవసరం సంగతి. నాగాయలంక దగ్గర నేను చూసినదానికి తోకని చేప ఆకారంలో కత్తిరించారు. కంటికి ఒక వాషరు. రెక్కలు ఒకటి విడిచి ఒకటి ఎరుపూ పసుపూ. ట్రాక్టరు ట్రక్కుకి వేయగా మిగిలిన రంగులట. గట్టుమీద ఉన్న రైతుని అడిగాను.

"పిట్టలకి ఎర్ర రంగైతే భయమా?"

"పిట్టలకి కాదండీ. బాగుంటదని ఏశా."

"పిట్టలు భయపడుతున్నాయా మరి?"

"ఆరు రోజులు భయపడ్డయ్. ఏడోనాడు ఒక గోరింక వచ్చి తోక మీదే కూచుంది. అటు తిరిగితే అటు, ఇటు తిరిగితే ఇటు, ఉచితంగా ఊయల."

"అయితే తీసెయ్యకూడదా?"

ఆయన నన్ను చూసిన చూపు మా పెద్దాయన చూపులాగే ఉంది, కాకపోతే జాలి ఎక్కువ. "తీసేస్తే చేను బోసిగా ఉండదూ?" అన్నాడు.

అయ్యా పెద్దాయనగారూ, ఇప్పుడు చెప్పండి. ఆరు రోజులు అవసరం. ఏడో రోజు నుంచి కోతల దాకా అది ఏమిటి? ఆ ఎరుపు ఏమిటి, వాషరు కన్ను ఏమిటి? అవసరం తీరిపోయాక కూడా పీకెయ్యడానికి చెయ్యి రానిదాన్ని ఏమంటారో మీ నిఘంటువులో చూసి చెప్పండి. పిట్టకి కూడా తెలిసిపోయిన రహస్యం మీటింగులో పదిహేనుమందిమి కూర్చుని కనుక్కోలేకపోయాం.

అమెరికాలో ఇలాంటివాటికి ఒక పేరుంది: వర్లిగిగ్. నార్త్ కరోలినా రాష్ట్రంలో లుకామా అనే పల్లెలో వోలిస్ సింప్సన్ అని ఒకాయన ఉండేవాడు. 1919లో పుట్టాడు. యంత్రాలు బాగుచేయడం, ఇళ్ళని పునాదులనుంచి లేవదీసి ఇంకోచోటికి తరలించడం ఆయన వృత్తి. రెండో ప్రపంచ యుద్ధంలో పసిఫిక్ సముద్రంలోని సైపాన్ దీవిలో ఉన్నప్పుడు, పాడైపోయిన బి-29 బాంబరు విమానం ముక్కలతో గాలిమర చేసి, దాంతో బట్టలుతికే యంత్రాన్ని తిప్పాడట. బాంబరుకి అంతకంటే పుణ్యగతి ఏముంటుంది! అరవై దాటి పని తగ్గాక షెడ్డు పక్క చేలో మొదలుపెట్టాడు. సైకిలు భాగాలు, సీలింగు ఫ్యాన్లు, పొగగొట్టాలు, పాత రోడ్డు బోర్డులు, ఏది దొరికితే అది. యాభై అడుగుల ఎత్తు చక్రాలు నిలబెట్టాడు. బోర్డుల ముక్కలు వెలుతురుకి మెరిసేవి కనక రాత్రిపూట కారు దీపాలు పడితే చేను చేనంతా వెలిగేది. 1996లో అట్లాంటా ఒలింపిక్స్‌కి ఆయన చేతే చేయించుకున్నారు. 2013లో ఆయన పోయాడు. ఆ ఏడే ఆ రాష్ట్రం ఆయన వర్లిగిగ్గులని తమ అధికార జానపద కళగా ప్రకటించింది. పక్కనున్న విల్సన్ పట్నం ఒకప్పుడు పొగాకు వేలంపాటలతో బతికిన ఊరు. పొగాకు వెళ్ళిపోయాక వాటిలో 30 దాకా తెచ్చి, బాగుచేసి, ఊరి నడిబొడ్డున పార్కు కట్టి 2017లో తెరిచారు. ఇప్పుడు వాటిని చూడ్డానికే జనం ఆ ఊరొస్తున్నారు.

అమెరికావాడు ఒప్పుకున్నాడు గనక మనం ఒప్పుకోవాలని నేననడం లేదు. ఆ జబ్బు మనకి ముందే ఉంది, నేను పెంచను. సింప్సన్ చేసింది మన రైతు చేసినదానికంటే వెయ్యిరెట్లు పెద్దదే. కానీ రెండింటికీ మూలం ఒకటే: పారేసిన ముక్క చేతికి రాగానే, ఇది గాలికి ఎలా తిరుగుతుందా అని ఆలోచించే బుర్ర. ఆ బుర్ర లుకామాలో ఉంటే పార్కు, నాగాయలంకలో ఉంటే లడ్డూ పొలమారే నవ్వు.

"మన దగ్గరా తుక్కుతో కళాఖండాలు చేస్తున్నారుగా" అంటారేమో. చేస్తున్నారు. కృష్ణ దాటితే తెనాలిలో కాటూరి వెంకటేశ్వరరావుగారూ వారి అబ్బాయి రవిచంద్రగారూ పాత ఇనప నట్లతో, గేర్లతో నిలువెత్తు విగ్రహాలు చేస్తారు. 2021లో ప్రధాని మోదీ విగ్రహం 14 అడుగులది చేశారు. ఆ పనితనానికి చేతులెత్తి మొక్కుతాను. నా గొడవ చేసేవారితో కాదు, చేయించుకునే మనతో. చక్రం, గేరు, బేరింగు, ఇవన్నీ పుట్టిందే తిరగడానికి కదా. లారీ కింద ఇరవై ఏళ్ళు తిరిగి తిరిగి తుక్కుకొట్టుకి చేరినవాటిని ఏరి తెచ్చి, కదలకుండా అతికించి, ఫలానా పెద్దమనిషిలా నిలబడమంటున్నాం. ఊరికి ఒక్కటన్నా తిరగనివ్వచ్చు కదా!

అసలు మన భాషకే గాలి అంటే చులకన. పనీపాటా లేనివాడు గాలికి తిరుగుతాడు. నమ్మకూడనిది గాలివార్త. నిలకడలేనివాడిది గాలివాటం. పట్టించుకోకపోతే గాలికొదిలేసినట్టు. ఇంత తిట్టినా అది పాపం రోజూ మధ్యాహ్నం ఎండలో మనకోసం సముద్రం మీదనుంచి వస్తూనే ఉంటుంది.

నవ్వినవాళ్ళ మాటలకి ఇంతవరకూ జవాబు చెప్పాను. నవ్వనిమనిషి ఒకరున్నారు ఆ మీటింగులో. కోడూరు వైపునుంచి వచ్చి స్థిరపడ్డ ఆవిడ. అందరూ లేస్తుంటే మెల్లిగా అన్నారు: "ఉప్పెన చూసిన సీమండీ మాది. గాలితో ఆటలేమిటి?"

ఆ మాట నన్ను మూడు రాత్రులు నిద్రపోనివ్వలేదు. 1864 నవంబరు 1న ఈ బందరు పట్నం మీదికి వచ్చిన ఉప్పెన దాదాపు 30 వేలమందిని పొట్టనబెట్టుకుంది. 1977 నవంబరు 19న దివిసీమ. లెక్కకి దొరికినవారే 10 వేలకి దగ్గర. లెక్కకి దొరకనివారి మాట ఎత్తడానికి ఇది చోటు కాదు. అలాంటిచోట గాలికి బొమ్మ కట్టి, చూడండి ఎంత బాగా తిరుగుతోందో అనడానికి నేనెవణ్ణి?

మళ్ళీ బస్సెక్కి వెళ్ళాను. అదే రైతు. ఆయన ఉప్పెననాటికి పదేళ్ళవాడట. అడగడానికి నోరు రాక చేప తోకని చూస్తూ నిలబడ్డాను. ఎలాగో అడిగాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. "మావాళ్ళని తీసుకుపోయింది నీళ్ళండీ" అన్నాడు. కాసేపాగి, "గాలి ముందురోజే చెప్పింది. ఇనే తెలివి మాకు లేకపోయింది" అన్నాడు.

అందుకని ఆయన ఇప్పుడు వింటాడు. సాయంత్రం పైరగాలి మామూలుగా ఎటునుంచి రావాలో ఆయనకి తెలుసు. రాకుండా తోక నైరుతికి బిగుసుకుపోయి, కంచం ఊపిరాడకుండా మోగుతుంటే, లేచి వెళ్ళి కొడుకుని సెల్లులో వార్తలు చూడమంటాడు. బందరులో వాతావరణ శాఖవారి రాడారు ఉంది. తుఫాను సంగతి దాన్నే నమ్మాలి, చేపతోకని కాదు. ఆయనా రాడారునే నమ్ముతాడు. కానీ వార్తలు చూడాలని ఆయనకి గుర్తుచేసేది ఆ కంచమే. ఆ శాఖవారు గాలివేగం కొలిచే పరికరం ఎప్పుడైనా చూశారా? కడ్డీమీద చిన్న చిన్న గిన్నెలు, గాలికి గిర్రున తిరుగుతుంటాయి. ప్రభుత్వం పెడితే అనిమోమీటరు, రైతు పెడితే తుక్కు! 1926లోనే ఆంధ్రా సైంటిఫిక్ కంపెనీ పెట్టుకుని శాస్త్రపరికరాలు చేసి అమ్మిన ఊరు మనది. 1983లో అది భారత్ ఎలక్ట్రానిక్స్‌లో కలిసింది. పరికరానికీ బొమ్మకీ మధ్య గోడ ఎంత పల్చనో మనకి ఒకరు చెప్పాలా?

ఆవిడకి ఈ సంగతంతా వెళ్ళి చెప్పాను. ఒప్పుకున్నారని చెప్పను. "మోత లేకుండా ఉంటే చూస్తాను" అన్నారు. అంతవరకే.

ఇక దాచినమాట ఒకటుంది. అది చెప్పకుండా ఊరుకుంటే మీరు నన్ను పెద్ద కళాపోషకుణ్ణి అనుకోగలరు.

మాది గుడివాడ దగ్గర పల్లె. మా నాన్న గుడివాడలో రైసుమిల్లు ఫిట్టరు. మిల్లులో అరిగిపోయిన కప్పీలు, తెగిన జల్లెడ రేకులు తెచ్చి మా పెంకుటింటి కొప్పుమీద ఒకటి కట్టాడు. అది వట్టి పంకా కాదు. ఇరుసుని మధ్యలో వంచి, దానికో కడ్డీ తగిలించి, కడ్డీకి ఒక రేకు ఆడమనిషిని నిలబెట్టాడు. ఆవిడ చేతిలో రోకలి. గాలి వస్తే దంచుతుంది, గాలి ఆగితే రోకలి ఎత్తి పట్టుకుని ఆగిపోతుంది, ఎవరో పిలిస్తే తలుపు వైపు చూస్తున్నట్టు. మా అమ్మ వంటింట్లోంచి "ఒదినగారు ఇవాళ తీరిగ్గా ఉన్నారే" అనేది. మేం పిల్లలం తాటాకు మడిచి తుమ్మముల్లు గుచ్చిన గిరకలు పట్టుకుని వాకిట్లో పరిగెత్తుతుంటే పైన ఆవిడా మాతో పాటు వడివడిగా దంచేది.

నాన్న పోయాక ఇల్లు అమ్మేశాం. సామాను సర్దుతుంటే వీధిలో పాత ఇనుముకి ఉల్లిపాయలిచ్చే బండి వచ్చింది. నేనే స్వయంగా నిచ్చెన వేసుకుని ఎక్కి, ఒదినగారిని దింపి, ఇరుసుతో సహా తక్కెట్లో పెట్టాను. నాలుగు కిలోల ఉల్లిపాయలు. రేకు తీసుకోనన్నాడు బండివాడు, ఇనుము వరకే తూస్తానన్నాడు. రేకు బొమ్మని గోడవారన వదిలేసి వచ్చాం. ఆ ఉల్లిపాయలు బందరు వచ్చాక పులుసు పెట్టుకుని తిన్నాం. బాగానే ఉంది పులుసు. ఆరోజు ఎవరైనా నన్ను ఆపి "అది కళండీ" అని ఉంటే, మీటింగులో పెద్దలు నవ్వినదానికంటే గట్టిగా నవ్వి ఉండేవాణ్ణి.

సిమెంటు చేపకి అడ్వాన్సు ఇచ్చేశారట. ఇవ్వనివ్వండి. మా డాబా సరిగ్గా ఆ సర్కిలుకి ఎదురుగానే ఉంది, డాబా మీద ఏం పెట్టాలో తీర్మానించడానికి మీటింగు అక్కర్లేదు. పోయిన గురువారం గుడివాడ వెళ్ళి తుక్కు కొట్లో కూర్చున్నాను. సైకిలు హబ్బు ఒకటి, టేబులు ఫ్యాను రెక్కలు, వంచడానికి పనికొచ్చే కడ్డీ. కొట్టతను అన్నీ కలిపి తూకం వేశాడు, హబ్బుకి వేరే ధర అన్నాడు, బేరమాడాను. పక్కనే వెల్డింగు షాపు. కుర్రాడికి కాగితం మీద గీసి చూపించాను. "రోకలి ఎత్తు ఎంత ఉండాలి మాష్టారూ?" అని అడిగాడు. జ్ఞాపకం ఉన్నంతలో చేత్తో చూపించాను. కంచం పెట్టాలా అన్నాడు. వద్దన్నాను, కోడూరు ఆవిడకి మాటిచ్చాను కనక.

వాడు హబ్బులో మట్టి గోకి, రెండు చుక్కలు నూనె వేసి, ఇరుసు పట్టుకుని వేలితో ఒక్క తిప్పు తిప్పాడు. నేను లెక్కపెట్టలేదు గాని చాలాసేపు తిరిగింది. అది ఆగేదాకా ఇద్దరం ఏమీ మాట్లాడలేదు.